'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' (1946) క్లాసులో చూపించాలి: ఏ ప్రింటు, ఎక్కడ ఆపాలి, ముందు ఏం చదివించాలి?

#1 కృష్ణాతీరం
డిగ్రీ రెండో ఏడాది ఇంగ్లీషు పిల్లలకు డికెన్స్ నవల సిలబస్‌లో ఉంది. నవలతో పాటు డేవిడ్ లీన్ సినిమా చూపిద్దామని అనుకుంటున్నాం. పీరియడ్ 55 నిమిషాలు, వరసగా రెండు దొరుకుతాయి. సినిమా 118 నిమిషాలు. ప్రొజెక్టర్ ఉంది గానీ గదికి మందపాటి కర్టెన్లు లేవు. పిల్లల్లో సగం మంది పుస్తకం తెరవలేదు.
1946దే మంచిదా, కొత్తవాటిలో ఏదైనా తీసుకోవాలా? మధ్యలో ఎక్కడ ఆపాలి? ముందుగా ఏ అధ్యాయాలు చదివించాలి? కాలేజీలో వేయడానికి అనుమతి కావాలా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

#2 నలుపుతెలుపు
1946దే వేయండి. 2012లో మైక్ న్యూవెల్ తీసింది చెడ్డదేం కాదు, 128 నిమిషాలు, రేఫ్ ఫైన్స్ ఖైదీ మాగ్‌విచ్‌గా బాగుంటాడు. కథ తెలుసుకోవడానికి అది సరిపోతుంది. కానీ ఒక నవలలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న లెక్క నేర్పడానికి లీన్ సినిమాను మించింది లేదు. 1998లో ఆల్ఫోన్సో క్వరోన్ కథను ఫ్లోరిడాకూ న్యూయార్క్‌కూ మార్చేశాడు, హీరో పేరు కూడా పిప్ కాదు. పరీక్ష రాసే పిల్లలకు అది చూపిస్తే జవాబుపత్రాల్లో అదే వస్తుంది, జాగ్రత్త. బీబీసీ 2011 సీరియల్ మూడు భాగాలు, మీ టైమ్‌కి కుదరదు.

అనుమతి సంగతి: మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. సంస్థ కార్యక్రమంలో భాగంగా వేసి, చూసేవాళ్ళు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు వరకే అయితే ఇబ్బంది లేదు. బయటివాళ్ళను పిలిచి టికెట్ పెట్టారా, అది వేరే కథ.

#3 పాతరీలు
ప్రింటు గురించి నేను చెప్తాను. కాలేజీల్లో ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

మొదటిది ఆకారం. ఇది 1.37:1 సినిమా, దాదాపు చదరంగా ఉంటుంది. ప్రొజెక్టర్ 16:9. కుడి ఎడమల నల్లటి ఖాళీ రావాలి. "స్క్రీన్ నిండలేదు సార్" అని ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని 'వైడ్' నొక్కుతారు. అంతే, మనుషులందరూ పొట్టిగా, వెడల్పుగా తయారవుతారు. 'జూమ్' నొక్కితే ఇంకా ఘోరం, తలలు, కాళ్ళు తెగిపోతాయి. తెర మీద గడియారం కనబడినప్పుడు చూడండి. గుండ్రంగా ఉంటే సరి, కోడిగుడ్డులా ఉంటే సెట్టింగ్ తప్పు.

రెండోది వెలుతురు. మీ తెర 8 అడుగుల వెడల్పు అనుకుంటే బొమ్మ సుమారు 6 అడుగులే వస్తుంది. గది చీకటి కాకపోతే దాన్నీ ఇంకా తగ్గించండి. ప్రొజెక్టర్‌ని ముందుకు జరిపి బొమ్మ వెడల్పు 6 నుంచి నాలుగున్నర అడుగులకు తెస్తే అదే వెలుగు తక్కువ చోట పడి దాదాపు 1.8 రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. మెనూలో 'బ్రైట్‌నెస్' పెంచడం పరిష్కారం కాదు. నలుపు బూడిదరంగులోకి మారుతుంది, పెళ్ళి ఆగిపోయిన రోజు నుంచీ చీకట్లోనే బతికే మిస్ హావిషమ్ గదిలో కొవ్వొత్తి వెలుగు అంతా పోతుంది. టీవీ మీద వేస్తే 'మోషన్ స్మూతింగ్' లాంటి పేరుతో ఉన్నవన్నీ ఆపేయండి. అవి ఉంటే పాత సినిమా సీరియల్ షూటింగ్‌లా నున్నగా కదులుతుంది.

మూడోది నిడివి. కొన్ని డీవీడీల మీద 113 నిమిషాలు అని ఉంటుంది. ఏదో కత్తిరించారని కంగారు పడొద్దు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను యూరప్ టీవీ పద్ధతికి 25గా నడిపితే 118 కాస్తా 113 అవుతుంది. సీన్లన్నీ ఉంటాయి, మనుషులు నాలుగు శాతం తొందరగా నడుస్తారు, చాలా డిస్కుల్లో గొంతులు కూడా కాస్త సన్నబడతాయి.

#4 కృష్ణాతీరం
చాలా ఉపయోగం పాతరీలు గారూ. మా దగ్గర ఉన్నది 113 నిమిషాలదే. విడిగా దొరికిన సబ్‌టైటిల్ ఫైల్ పెడితే మొదట సరిగ్గానే ఉంది, పోనుపోనూ మాటలకంటే వెనకపడుతోంది. కారణం ఇదేనా?

#5 పాతరీలు
అదే. ఆ ఫైల్ 24 ఫ్రేముల ప్రింటుకు చేసింది. వీఎల్‌సీ ప్లేయర్‌లో జి, హెచ్ మీటలు నొక్కితే మొత్తం ఫైల్ ముందుకో వెనక్కో జరుగుతుందే తప్ప వేగం మారదు. పదో నిమిషంలో సరిచేస్తే నలభయ్యో నిమిషానికి మళ్ళీ తప్పుతుంది, సినిమా అయ్యేసరికి దాదాపు అయిదు నిమిషాల తేడా. 'సబ్‌టైటిల్ ఎడిట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, ఫ్రేమ్ రేట్ మార్చే చోట 23.976 నుంచి 25 అని ఇచ్చి సేవ్ చేయండి. తర్వాత మొదటి డైలాగ్, చివరి డైలాగ్ రెండూ సరిచూస్తే చాలు. సబ్‌టైటిల్స్ మాత్రం వదలకండి. కమ్మరి జో మాట్లాడే యాస మన పిల్లలకు చెవిన పడదు.

#6 చదువరి
ఎక్కడ ఆపాలి అన్నదానికి డికెన్సే జవాబిచ్చి పెట్టాడు. నవల 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా ఆయన సొంత వారపత్రిక 'ఆల్ ద ఇయర్ రౌండ్'లో 36 వారాలు వచ్చింది. మొత్తం 59 అధ్యాయాలు, మూడు దశలు. పిప్ లండన్ బయలుదేరడంతో 19వ అధ్యాయం దగ్గర మొదటి దశ ముగుస్తుంది. తుఫాను రాత్రి మాగ్‌విచ్ తిరిగి రావడంతో 39 దగ్గర రెండోది. మిగతా 20 అధ్యాయాలు మూడోది. సినిమా కూడా ఇంచుమించు ఇదే వెన్నెముక మీద నిలబడింది.

55 రెండు కలిపితే 110. హాజరు, ప్రొజెక్టర్ పెట్టడం తీసేస్తే వంద కూడా మిగలదు. కాబట్టి రెండు పీరియడ్లలో కుక్కొద్దు. మూడు విడతలు చేయండి: లండన్ ప్రయాణం దాకా ఒకటి, తుఫాను రాత్రి దాకా ఒకటి, మిగిలింది ఒకటి. విడతలు సమానంగా రావు, ఫర్వాలేదు. మిగిలిన టైమ్‌లో ఆ రోజు చూసిన భాగం మీద మాట్లాడించండి.

సినిమాకి ముందు మొత్తం చదవమంటే ఎవరూ చదవరు. ఇవి మాత్రం తప్పనిసరి చేయండి: 1 (సమాధుల దగ్గర), 8 (మిస్ హావిషమ్ ఇల్లు సాటిస్ హౌస్‌కి మొదటిసారి), 27 (జో లండన్ రావడం), 39, 49 (మంటలు), 54 (నది), 59. ఏడు అధ్యాయాలే. 53 మాత్రం సినిమా అయ్యాక ఇవ్వండి, కారణం తర్వాత చెప్తాను.

#7 మధ్యాహ్నం_షో
రెండో విడత మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గర ఆపండి సార్. ముఖం చూపించకముందే! పిల్లలు మర్నాడు పరిగెత్తుకుంటూ వస్తారు.

#8 చదువరి
వద్దండి. వచ్చింది ఎవరో ఊహించడం పెద్ద కష్టం కాదు. దెబ్బ ఎక్కడుందంటే, తనను పెద్దమనిషిని చేసిన డబ్బు మిస్ హావిషమ్‌ది కాదు, ఒక ఖైదీది అని పిప్‌కి తెలియడంలో. డికెన్స్ కూడా ఆ సంగతి చెప్పేసి, పిప్ దిమ్మెరపోయి ఉండగా దశ ముగించాడు. అక్కడ ఆపితే పిల్లలు 'తర్వాత ఏమవుతుంది' అని కాకుండా 'ఇన్నాళ్ళూ వీడు చూపించిన బడాయి సంగతేమిటి' అని ఆలోచిస్తారు. మీకు కావలసింది అదే కదా.

#9 ఫిల్మ్‌సొసైటీ_విశాఖ
మొదటి సీన్ ఒక్కదానికి అరగంట కేటాయించండి. ఎడిటింగ్ పాఠాల్లో దశాబ్దాలుగా చెప్పుకునే సీన్ అది.

వరస ఇలా ఉంటుంది. తెర మీద పుస్తకం పేజీ, పెద్ద పిప్‌గా చేసిన జాన్ మిల్స్ గొంతు మొదటి వాక్యాలు చదువుతుంది. గాలికి పేజీలు రెపరెపలాడతాయి. అక్కడి నుంచి చిత్తడి నేల, గట్టు మీద చిన్నగా పరిగెత్తే పిల్లవాడు, ఉరికొయ్యలు. తర్వాత సమాధులు. పిల్లవాడు తల్లిదండ్రుల రాయి దగ్గర కూర్చుంటాడు. గాలి, చెట్టు కిర్రుమనడం. అటూ ఇటూ చూస్తాడు, కొమ్మలు చేతుల్లా కనిపిస్తాయి. లేచి పరుగు. అంతే, మాగ్‌విచ్.

మొదటిసారి సౌండ్ తీసేసి చూపించండి. భయం సగం పోతుంది. అప్పుడు సౌండ్ పెట్టి రెండోసారి. గాలి, చెట్టు చప్పుడే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నాయని పిల్లలకే అర్థమవుతుంది. ప్రమాదం చెట్టు వైపు నుంచి వస్తుందని కాచుక్కూర్చుంటాం.

మూడోసారి ఆ చివరి పరుగు దగ్గర నెమ్మదిగా నడపండి. మాగ్‌విచ్ దూకడు. కదలకుండా నిలబడి ఉంటాడు. కెమెరా పిల్లవాడితో పాటే తిరుగుతూ పోతుంది, పిల్లవాడు వెళ్ళి అతన్ని ఢీకొంటాడు. ముందుగా అతన్ని చూపించే షాట్ ఏదీ లేదు. మన చూపు, పిల్లవాడి చూపు ఒకే క్షణంలో అతనికి తగులుతాయి. ఇప్పటి దయ్యం సినిమాల్లో ఇలాంటి చోట ధబేల్మని ఒక మోత పెడతారు. ఇక్కడ పని చేసింది కెమెరా తిరిగిన వేగం.

వెనక కనిపించే చర్చి నిజం చర్చి కాదు, చిన్న నమూనా. కళాదర్శకుడు జాన్ బ్రయన్ దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవయ్యేలా సెట్లు కట్టించాడు. అందుకే చోటు తక్కువైనా లోతు ఎక్కువ కనిపిస్తుంది. కెమెరాకి మొదట రాబర్ట్ క్రాస్కర్ ఉన్నాడు. తీసిన బొమ్మలో తను కోరిన ముదురు నలుపు, ఘాటు రాలేదని లీన్ ఆయన్ని మార్చి గై గ్రీన్‌ని పెట్టుకున్నాడు. ఈ సినిమాకి వచ్చిన రెండు ఆస్కార్లూ ఈ విభాగాలకే, నలుపుతెలుపు ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం. క్రాస్కర్‌ని తక్కువ చేయొద్దు, తర్వాత 'ది థర్డ్ మ్యాన్'కి ఆయనకూ ఆస్కార్ వచ్చింది.

#10 ఓరుగల్లు_పిల్ల
హిందీ 'ఫితూర్' (2016) కూడా ఈ నవలే కదా. కశ్మీర్‌లో పెట్టారు, మిస్ హావిషమ్ స్థానంలో టబు. పోల్చడానికి ఒక అయిదు నిమిషాలు చూపిస్తే పిల్లలు ఊ కొడతారు.

#11 నలుపుతెలుపు
చూపించవచ్చమ్మా, టబు ఉన్న ఒక సీను. కాకపోతే ఆ సినిమాకి ప్రేమకథే ప్రధానం. నవలలో ప్రేమ ఎంతో సిగ్గు అంత. పెంచిన బావ జో ముందు తన సొంత గదిలో కూర్చుని సిగ్గుపడే కుర్రాడి కథ ఇది. పోలిక పెట్టాలంటే జో లండన్ వచ్చే సీన్ పెట్టండి. 27వ అధ్యాయంలో జో టోపీ సంగతి చదవండి. ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి పైనున్న అంచు మీద పెడతాడు, అది పడుతూనే ఉంటుంది, పట్టుకుంటూనే ఉంటాడు. డికెన్స్ ఆ టోపీ మీద ఎన్ని వాక్యాలు ఖర్చు పెట్టాడో లెక్కపెట్టి, తెర మీద బెర్నార్డ్ మైల్స్ అదే పనిని ఒంటితో ఎలా చేశాడో చూడమనండి. కామెడీ అనుకుని నవ్వుతారు. జో వెళ్ళిపోయేటప్పుడు నవ్వు ఆగిపోతుంది.

#12 మధ్యాహ్నం_షో
అంతా బాగుంది గానీ ఒక మాట. సినిమా మొదటి మూడో వంతు అద్భుతం, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక జారిపోతుంది. జాన్ మిల్స్ 1908లో పుట్టాడు. 38 ఏళ్ళ మనిషి ఇరవై ఏళ్ళ కుర్రాడిగా! నవలలో తుఫాను రాత్రికి పిప్ వయసు 23. ఇక మిస్ హావిషమ్ పెంచిన అమ్మాయి, పిప్ ప్రేమించే ఎస్టెల్లా ఉంది కదా, జీన్ సిమన్స్ చిన్న ఎస్టెల్లాగా అంత పొగరు చూపించాక, పెద్ద ఎస్టెల్లాగా వాలరీ హాబ్సన్ వస్తే మంచు ముక్క తప్ప ఇంకేం లేదు.

#13 నలుపుతెలుపు
హాబ్సన్ విషయంలో ఒప్పుకుంటా. మిల్స్ విషయంలో సగమే. పిప్ పాత్ర పెద్దయ్యాక చేసేది తక్కువ, చూసేది ఎక్కువ. చుట్టూ లాయరు జాగర్స్, అతని గుమాస్తా వెమ్మిక్, స్నేహితుడు హెర్బర్ట్ లాంటి రంగురంగుల మనుషులు. మధ్యలో నిలబడి వినగల నటుడు కావాలి. మిల్స్ వింటాడు. పైగా హెర్బర్ట్‌గా అలెక్ గిన్నిస్, ఆయనకు సినిమాల్లో మొదటి చెప్పుకోదగ్గ పాత్ర. భోజనం దగ్గర పిప్‌కి మర్యాదలు నేర్పే సీన్‌లో ఒక్క మాట కూడా కసురుగా అనడు, అయినా తప్పులన్నీ దిద్దుతాడు. గిన్నిస్ 1939లో ఈ నవలను నాటకంగా మలిచాడు, అందులోనూ మిస్ హావిషమ్ మార్టిటా హంటే. లీన్‌కి ఈ సినిమా ఆలోచన ఆ నాటకం చూశాకే వచ్చింది.
జీన్ సిమన్స్ గురించి ఒక చిన్న ముచ్చట: 1989 టీవీ సీరియల్‌లో ఆవిడే మిస్ హావిషమ్.

#14 కృష్ణాతీరం
పిల్లలు తప్పకుండా అడిగేది ఒకటుంది. మాగ్‌విచ్ దగ్గర అంత డబ్బుంది, పిప్‌కే ఇవ్వాలనుకున్నాడు. మరి చివరికి పిప్ చేతికి ఏమీ ఎందుకు రాలేదు? తిరిగొస్తే ఉరి ఎందుకు?

#15 చదువరి
చట్టం తెలియకపోతే మూడో విడత అంతా గాలిలో తేలుతుంది, కాబట్టి ముందే చెప్పండి. మాగ్‌విచ్‌కి పడింది యావజ్జీవ ద్వీపాంతరం, న్యూ సౌత్ వేల్స్‌కి. అలా పంపినవాడు తిరిగి ఇంగ్లండులో అడుగుపెడితే 1834 దాకా మరణశిక్షే. నవల కథ జరిగేది అంతకు ముందు కాలంలో. ఇక ఘోర నేరానికి శిక్ష పడినవాడి ఆస్తి రాజుగారి ఖజానాకి పోతుంది, ఆ పద్ధతిని 1870లో తీసేశారు. అందుకే పట్టుబడ్డ నిమిషం నుంచి అతని డబ్బు అతనిది కాదు. మాగ్‌విచ్‌కి ఈ సంగతి తెలియనివ్వకుండా పిప్ దాచిపెడతాడు. ఆ దాచడంలోనే అతను మారిన మనిషి.

డబ్బు లెక్కలు కూడా బోర్డు మీద రాయండి, నవల నడిచేదే వాటి మీద. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు.
పిప్‌ను జో దగ్గర పనికి కుదిర్చినప్పుడు మిస్ హావిషమ్ ఇచ్చింది 25 గినీలు, అంటే 26 పౌన్ల 5 షిల్లింగులు.
లండన్‌కి బట్టలు కుట్టించుకోమని జాగర్స్ ఇచ్చింది 20 గినీలు.
21 ఏళ్ళు నిండాక ఏడాదికి 500 పౌన్లు.
చివర్లో పిప్‌ని అరెస్టు చేయడానికి వచ్చింది ఒక నగల వ్యాపారి బాకీకి: 123 పౌన్ల 15 షిల్లింగుల 6 పెన్నీలు. ఆ బాకీ కట్టింది జో, కొలిమి దగ్గర సంపాదించిన డబ్బుతో.
ఈ చివరిదాన్ని మొదటి అంకె పక్కన పెట్టి చూడమనండి. పని నేర్పడానికి వచ్చిన మొత్తానికి నాలుగున్నర రెట్లకు పైగా, పెద్దమనిషి వేషానికి ఒక్క దుకాణంలో పడిన అప్పు.

#16 డల్లాస్_బావ
చదువరి గారూ, 53వ అధ్యాయం తర్వాత ఇవ్వమన్నారు, కారణం చెప్పలేదు.

#17 చదువరి
ఓర్లిక్ అండీ. జో కొలిమిలో పనివాడు. నవలలో పిప్ అక్కను తల మీద కొట్టి మంచాన పడేసేది వాడే, 53లో సున్నపు బట్టీ దగ్గర పిప్‌ని చంపబోయేదీ వాడే. సినిమాలో ఆ పాత్రే లేదు.

నిడివి కోసం తీశారని సులువుగా అనేయొచ్చు. నష్టం వేరే చోట ఉంది. అక్కను కొట్టింది మాగ్‌విచ్ తెంచుకున్న పాత సంకెలతో. పిప్ తెచ్చి ఇచ్చిన ఆకురాయితో తెగిన సంకెల అది. చిన్నప్పుడు భయంతో చేసిన సాయం ఇంట్లో మనిషి నెత్తిన పడింది. పిప్ మనసులో ఉండే ఆ అపరాధ భావం నవల అంతా నడుస్తుంది. ఓర్లిక్‌ను తీసేయగానే పిప్ తప్పు ఒక్కటే మిగిలింది, బడాయి. సినిమా పిప్‌ని కడిగి, నవలకంటే మంచివాడిని చేసింది. నా దృష్టిలో ఇది సినిమాలో పెద్ద లోటు, ముగింపు కంటే.
ముందే 53 చదివిస్తే పిల్లలు ఓర్లిక్ ఎప్పుడొస్తాడా అని చూస్తూ కూర్చుంటారు. తర్వాత చదివితే ఏం పోయిందో తెలుస్తుంది.

#18 మధ్యాహ్నం_షో
ముగింపు లోటు కాదంటారా? పరదాలు చింపి పారేసి చేయి పట్టుకుని బయటికి పరుగెత్తడం! పక్కా సినిమా ముగింపు.

#19 ఫిల్మ్‌సొసైటీ_విశాఖ
పక్కా సినిమా ముగింపే, కాదనను. కానీ డికెన్స్ దగ్గరే ముగింపు రెండు రకాలు. మొదట రాసినదాంట్లో ఎస్టెల్లా రెండో పెళ్ళి చేసుకుని ఉంటుంది, లండన్ వీధిలో ఒక్కసారి కలిసి విడిపోతారు. మిత్రుడు బుల్వర్ లిట్టన్ చెప్పాడని మార్చి, పాత ఇంటి శిథిలాల్లో ఇద్దరినీ కలిపాడు. పాతదాన్ని ఫార్‌స్టర్ తాను రాసిన డికెన్స్ జీవిత చరిత్రలో అచ్చు వేశాక లోకానికి తెలిసింది.

లీన్ మూడో దారి పట్టాడు. నవలలో ఎస్టెల్లా డబ్బున్న మొరటువాడు డ్రమ్ముల్‌ని పెళ్ళాడి, దెబ్బలు తిని, వాడు పోయాక మారిన మనిషిగా వస్తుంది. సినిమాలో ఆ పెళ్ళే జరగదు. ఆమె ఖైదీ కూతురని తెలిసి డ్రమ్ముల్ తప్పుకుంటాడు, ఆమె మిస్ హావిషమ్ కుర్చీలో, అదే చీకట్లో కూర్చుంటుంది. అంటే ఇంకో మిస్ హావిషమ్ తయారవుతోంది. అక్కడ వెలుతురు రావడం తప్ప ఇంకో చర్య లేదు. గడియారాలు ఎనిమిదీ నలభైకి ఆగిన ఇంటి గురించి గంటన్నర చీకటిగా చూపించినవాడు చివర పరదా లాగడం న్యాయమే. నవలకి న్యాయమా అంటే కాదు. ఎస్టెల్లా తన కష్టంతో మారాల్సింది, పిప్ వచ్చి కాపాడే అమ్మాయి అయిపోయింది.

#20 మధ్యాహ్నం_షో
ఆ చివరి వాక్యం నేను రాసుకుంటున్నా. ఇక నోరు మూసుకుంటా.

#21 కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. మూడు విడతలు ఖాయం చేశాం. సినిమా అయ్యాక ఇంటిపనిగా ఒక చిన్న ప్రశ్న కావాలి. నెట్‌లో వెతికితే దొరకనిది, సినిమా చూసినవాళ్ళే రాయగలిగేది.

#22 చదువరి
49, 54 అధ్యాయాలు కలిపి ఇవ్వండి. మంటల్లో మిస్ హావిషమ్‌ని కాపాడటానికి పిప్ పెళ్ళి కేకున్న బల్ల మీది గుడ్డ లాగి కప్పుతాడు, నవలలోనూ సినిమాలోనూ. నవలలో చేతులు కాలుతాయి, ఎడమ చేయి బాగా. అందుకే 54లో మాగ్‌విచ్‌ని పడవలో దాటించేటప్పుడు తెడ్లు హెర్బర్ట్, ఇంకో స్నేహితుడు స్టార్టాప్ వేస్తారు, పిప్ చుక్కాని పట్టుకుంటాడు. సినిమాలో పడవలో ఎవరెవరున్నారు, తెడ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయి, పిప్ చేతులకు కట్లు ఉన్నాయా లేదా, మార్పు ఉంటే దానివల్ల ఆ సీన్‌లో ఏది తేలికైంది, ఏది పోయింది, ఒక పేజీ రాయమనండి.